బొమ్మ రాని పెళ్ళి

అతని పేరు మొమ్చిలో, ఇంటిపేరు పేరిన్. కట్టుడు పళ్ళు చేసేవాడు. సెర్బియా దేశంలోని జ్రెన్యానిన్‌లో సంత వెనక సందులో, పళ్ళ డాక్టరు ఆసుపత్రి కింద ఒక చిన్న గది అతనిది. పైనుంచి డాక్టరు అచ్చు తీసి పంపిస్తాడు. కింద మొమ్చిలో కంటికి భూతద్దం తగిలించుకుని, ఆ అచ్చు ముందు కూర్చుని, వెంట్రుకవాసి అటూ ఇటూ అరగదీస్తూ పొద్దుపుచ్చుతాడు. పెట్టుకున్న మనిషికి నోట్లో ఏదో ఉందన్న సంగతే తెలియకూడదని అతని పట్టుదల. ఊళ్ళో వయసు మళ్ళినవాళ్ళలో చాలామంది నవ్వు అతని చేతి నుంచి వచ్చిందే. అత్తగారు రాద్మిలాకు కూడా పళ్ళు అతనే కట్టాడు. కోపం వచ్చినప్పుడల్లా, నువ్విచ్చిన పళ్ళతోనే నిన్ను కరుస్తానని ఆవిడ బెదిరిస్తూ ఉండేది.

దేన్నయినా ఉన్న చోటులో ఇమిడ్చెయ్యడం అతనికి పనితో అబ్బిందో, పుట్టుకతో వచ్చిందో చెప్పడం కష్టం. ఎండాకాలం గ్రీసు సముద్రానికి బయలుదేరేటప్పుడు కారు డిక్కీ సర్దేది అతనే. భార్య బిల్యానా సామానంతా వాకిట్లో పడేసి, బాల్కనీలో కూర్చుని కాఫీ తాగేది. అపార్ట్‌మెంటులో మగవాళ్ళు ఒక్కొక్కరే దిగివచ్చి, ఈసారి పట్టదని పందేలు వేసుకునేవాళ్ళు. మొమ్చిలో ఒక మాటైనా మాట్లాడకుండా గొడుగును పరుపు మడతలోకి, చెప్పులను గిన్నెలోకి, గిన్నెను బకెట్లోకి దూర్చి, చివరికి అరచేత్తో డిక్కీ మూసేవాడు. అది మూసుకునేటప్పుడు వచ్చే చప్పుడంటే అతనికి సంగీతం కన్నా ఇష్టం.

వాళ్ళ ఫ్లాటులో వంటింటిని ఆనుకుని కిటికీ లేని సామాన్ల గది ఒకటుంది. చలికాలానికి పట్టి ఉంచుకున్న సీసాలన్నీ అందులోనే: ఎర్ర మిరపకాయలు కాల్చి నూరిన అయ్వార్, ఉప్పునీళ్ళలో ఊరిన దోసకాయలు, ప్లమ్ పండ్ల జామ్. నడిమి అరలో, అయ్వార్‌కీ జామ్‌కీ మధ్య, ఏదో ఆఫీసువాళ్ళు వదిలించుకున్న పాత కంప్యూటర్ ఒకటి గుర్రుపెడుతూ ఉండేది. అదే మొమ్చిలో సర్వర్. చుట్టాలందరి పెళ్ళిళ్ళూ, బాప్తిస్మాలూ, కుర్రాళ్ళను సైన్యానికి సాగనంపిన విందులూ అందులో ఉండేవి. ఎవరింట్లో వాళ్ళు సోఫాలో కూర్చుని, టీవీలో ఒక బొమ్మ నొక్కితే చాలు, ఆ సామాన్ల గదిలోంచి పెళ్ళి ఊరు దాటి వాళ్ళింటికి వచ్చేది.

ఈ పిచ్చి అతనికి ఊరికే పట్టుకోలేదు. పెదనాన్న పోయిన ఏడాది, ఆయన పాడుతున్న క్యాసెట్ ఒకటే మిగిలి ఉంటే, దాన్ని వేసిన యంత్రం కసాబిసా నమిలేసింది. చిక్కుపడ్డ టేపు చేతిలో పట్టుకుని మొమ్చిలో చాలాసేపు అలాగే నిలబడ్డాడట. మర్నాటి నుంచే చుట్టాల ఇళ్ళన్నీ తిరిగి అటకల మీద క్యాసెట్లు దించడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కదాన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఎక్కించాక ఎవరి క్యాసెట్ వాళ్ళకు తిరిగిచ్చేసేవాడు.

అలా ఎక్కిస్తూ పోతే ఒకనాడు హార్డ్ డిస్కు నిండింది. కొత్తది కొనుక్కురమ్మంది బిల్యానా. అలా కొనేస్తే అతను మొమ్చిలో ఎందుకవుతాడు? డిక్కీలో పట్టలేదని ఇంకో కారు కొంటామా అన్నాడు.

వీడియో ఫైలంటే మూటగట్టిన బొమ్మలు. ఆ మూట కట్టే పద్ధతులు చాలా ఉన్నాయి. పాత పద్ధతిని 264 అంటారు. ఎక్కడికి తీసుకెళ్ళినా ఏ టీవీ అయినా దాన్ని విప్పగలదు. కొత్తది 265. అదే బొమ్మను దాదాపు సగం మూటలో పట్టిస్తుంది. ఇది చదివినప్పుడు మొమ్చిలో మొహం వెలిగిపోయింది. ఇంటర్నెట్‌లో ఈ రెండు పద్ధతుల గురించి, ఎరిగీ ఎరగని మగవాళ్ళు ఫుట్‌బాల్ జట్ల గురించి కొట్టుకున్నట్టు కొట్టుకుంటూ ఉంటారు. మొమ్చిలో వాళ్ళ మధ్య చేరి ఒక వేసవంతా గడిపేశాడు.

పద్ధతి ఎంచుకుంటే సరిపోదు, ఎంత బిగించాలో కూడా చెప్పాలి. దానికి ఒక అంకె ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ ఫైలు చిన్నదవుతుంది, బొమ్మ చెడుతుంది. ఎక్కడ ఆగాలన్నది పీటముడి. అతను తమ పెళ్ళి వీడియోలోంచి ఒక ముక్క తీసుకుని, రకరకాల అంకెలతో బిగించి, రెండేసి బొమ్మలను పక్కపక్కన పెట్టి బిల్యానాను పిలిచేవాడు. కళ్ళ డాక్టరు లాగా ఇది బాగుందా అది బాగుందా అని అడిగేవాడు. ఆ ముక్కలో కొత్త పెళ్ళికూతురు బిల్యానా, వెనక కుర్చీలో వాళ్ళమ్మ ఉన్నారు.

"ముసుగు అంచు చూడు. ఎడమ వైపు దాంట్లో లేసు తెలుస్తోంది, కుడి వైపు దాంట్లో పాలు విరిగినట్టుంది. అవునా?" అన్నాడు.

"రెంటిలోనూ మా అమ్మ నన్ను మింగేసేలా చూస్తోంది. నాకు అదే కనిపిస్తోంది," అని ఆమె పొయ్యి దగ్గరకు వెళ్ళిపోయింది.

చివరికి అంకె కుదిరింది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. పాత క్యాసెట్ బొమ్మ ఇంచుమించు చదరంగా ఉంటుంది, ఇప్పటి టీవీ అడ్డంగా ఉంటుంది. అందువల్ల రెండు పక్కలా నల్లటి పట్టీలు వస్తాయి. నోట్లో పన్ను ఊడిన సందు కనిపిస్తే ఎలా ఉంటుందో, ఆ పట్టీలు అతనికి అలా ఉండేవి. పైనా కిందా కాస్త కోసేస్తే తెర నిండుతుందని లెక్క తేలింది. పైన ఉండేది గుడారం గుడ్డ, కింద ఉండేది బల్లల మీది గ్లాసులు, ఎవడికి కావాలి అనుకుని కోసేశాడు. సర్వర్‌లో ఇంకొక ఏర్పాటు ఉండేది: అవతలి టీవీకి ఆ పద్ధతి తెలియకపోతే, సర్వరే అప్పటికప్పుడు మూట విప్పి, పాత పద్ధతిలో మళ్ళీ కట్టి పంపుతుంది. కాని ఆ పని పెడితే ముసలి కంప్యూటర్ రొప్పేది. గది కొలిమిలా కాగి, దోసకాయల సీసాల మూతలు ఉబ్బేవి. బిల్యానా పోరు పడలేక దాన్నీ ఆపేశాడు. అన్నీ కొత్త పద్ధతిలోకి మార్చి, పెద్ద ఫైళ్ళను ఒక్క వేటుతో చెరిపేశాడు. డిస్కులో సగానికి పైగా ఖాళీ అయింది. ఆ సాయంత్రం పక్కింటివాళ్ళకు కూడా ప్లమ్ సారా పోశాడు.

రాద్మిలా బేగేయ్ నదికి అవతల, చక్కెర ఫ్యాక్టరీవాళ్ళ పాత ఇళ్ళలో ఉండేది. భర్త వెలిమిర్ ఆ ఫ్యాక్టరీలోనే మేస్త్రీగా చేసి రిటైరయ్యాడు. ఆదివారం భోజనాలయ్యాక ఆవిడ ఇస్త్రీ బల్ల వేసుకుని, టీవీలో బిల్యానా పెళ్ళి పెట్టుకునేది. ఎన్నేళ్ళుగానో అదే అలవాటు. ఎవరు ఏం కట్టుకున్నారు, ఎవరి జుట్టు ఎలా ఉంది, ఎవరు ఎవరి పక్కన ఆడారు, అన్నీ ఆవిడకు కంఠతా వచ్చు. ఆ ఆదివారం అల్లుడికి ఫోన్ చేసింది.

"అల్లుడూ, పెళ్ళి వినిపిస్తోంది గాని కనిపించడం లేదు. తెర నల్లగా ఉంది."

మొమ్చిలోకు విషయం అర్థమైపోయింది. అత్తగారి టీవీకి కొత్త మూట విప్పడం రాదు. మాటను విప్పింది, బొమ్మ దగ్గర చేతులెత్తేసింది. అతను బుర్ర గోక్కుంటూ, రేపు వచ్చి చూస్తానని, ఈలోగా టీవీ కట్టేయమని చెప్పాడు. అకార్డియన్ మోత ఫోన్లోంచి వస్తోంది.

"తొందరేం లేదులే. వింటున్నాను," అంది ఆవిడ. ఆ గొంతు అతనికేం నచ్చలేదు.

మర్నాడు వెళ్ళేసరికి ఇస్త్రీ బల్ల మీద బట్టలు నిన్నటివి అలాగే ఉన్నాయి. రాద్మిలా టీవీకి ఎదురుగా కుర్చీ వేసుకుని, నల్లటి తెరను చూస్తూ కూర్చుంది. కూర్చోమని సైగ చేసి, రిమోట్ నొక్కి ఒకచోట ఆపింది. ఇన్నేళ్ళూ కళ్ళకే పని చెప్పానని, చెవులకు ఇప్పుడే తీరిక దొరికిందని చెప్పింది. తర్వాత మళ్ళీ నొక్కింది. పాట ఆగింది, వాయించేవాళ్ళు గొంతు తడుపుకుంటున్నారు, గ్లాసులు గలగలలాడుతున్నాయి. ఆ సందడిలో, కెమెరాకు బాగా దగ్గరగా, నోటి నిండా కుక్కుకున్న మగగొంతు ఒకటి వినిపించింది.

"ఈ సర్మా చుట్టిన చేతులు ఉప్పుగనిలోంచి తిన్నగా వచ్చినట్టున్నాయి. ఒక్కటి తింటే గుర్రమైనా సరే, బేగేయ్ నది మొత్తం తాగేస్తుంది."

వెంటనే ఒక ఆడమనిషి పకపకా నవ్వింది. ఆ నవ్వు ఆగలేదు, అకార్డియన్ మళ్ళీ అందుకునేదాకా సాగింది.

బిల్యానా పెళ్ళికి సర్మా రాద్మిలాయే చేసింది. పులిసిన కాబేజీ ఆకుల్లో మాంసం, బియ్యం చుట్టి, గుడారం వెనక పొయ్యిల మీద అండాలకు అండాలు ఉడికించింది. వంటవాళ్ళను పెడదామని అందరూ అంటే వినలేదు. ఆ తర్వాత ఊళ్ళో ఏ పెళ్ళికి వెళ్ళినా ఒక ముక్క కొరికి, కళ్ళు మూసుకుని, బాగానే ఉంది పాపం అనేది. ఆవిడ బతుకులో అంతకు మించిన ఘనకార్యం లేదు.

"ఆ మగాడెవడో నాకు తెలియాలి. ఆడది ఎవరో నాకు తెలుసు. ఆ బల్ల దగ్గర కూర్చున్నది కూమా," అంది.

కూమా అంటే నదేజ్దా. రాద్మిలా పెళ్ళికి సాక్షిగా నిలబడింది, బిల్యానాకు బాప్తిస్మం ఇప్పించింది. ఇద్దరూ ఒకరినొకరు కూమా అనే పిలుచుకునే ఆ చుట్టరికం తోబుట్టువుల వరసకన్నా గట్టిది. తెంచుకున్నవాళ్ళను ఊరు క్షమించదు. నదేజ్దా వారానికోసారి నది దాటి వచ్చి, రాద్మిలా వంటింట్లో కాఫీ తాగి, ఆ కప్పు బోర్లించి జాతకం చెప్పి పోయేది. ఈసారి ఆవిడ వస్తే తలుపు తీయలేదని, లోపల్నుంచే తలనొప్పిగా ఉందన్నానని రాద్మిలా గర్వంగా చెప్పింది. పైగా ఇంటి స్లావా దగ్గరపడుతోంది. కులదేవుడి పండగ అది, దానికి ఎవర్నీ పిలవరు, రావలసినవాళ్ళు వస్తారు. కూమా వచ్చి గుమ్మంలో నిలబడితే ఏం చేస్తారని అతను భయపడుతూ అడిగాడు.

"ఉప్పు పెడతాను. గిన్నెడు. నువ్వు మాత్రం నాకు బొమ్మ తెప్పించు. ఆ నోరు ఏ మొహం మీదుందో చూస్తాను."

మొమ్చిలో ఇంటికి వచ్చి తన కంప్యూటర్‌లో ఆ చోటు వెతికి చూశాడు. అతని కంప్యూటర్ కొత్త మూటను చక్కగా విప్పుతుంది. బొమ్మ తెర నిండా ఉంది. అకార్డియన్ వాయించేవాడు, వెనక దూరాన చేతులు పట్టుకుని కోలో నాట్యం ఆడి ఆగిన వరస, బిగింపులో మొహాలు పోల్చలేని వాళ్ళ నడుముల పైభాగం. మాట మాత్రం ఎక్కడో కింద నుంచి వస్తోంది. మాట్లాడినవాడు గాని, నవ్వినావిడ గాని తెరమీద లేరు. బల్ల ఉండవలసిన చోటును అతనే కోసేశాడు. అసలు పెద్ద ఫైలు ఏదీ అని వెతకబోయి, దాన్ని కూడా తానే చెరిపిన సంగతి గుర్తుకొచ్చి, కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. బిల్యానా వచ్చి ఆ మాట విని, నవ్వాపుకోలేక, ఇది అమ్మకు తెలిస్తే మనింటికి కూడా తలనొప్పి వస్తుందంది.

రెండు రోజులకు మామగారు అతని గదికి వచ్చాడు. వెలిమిర్ ఆ గదికి ఎప్పుడూ రాలేదు. చంకలో సారా సీసా, చేతిలో టోపీ. బల్ల మీద వరసగా ఉన్న తెల్లటి సున్నపు దవడలను చూస్తూ చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడాడు. చలి ముందే వచ్చిందన్నాడు. నదిలో చేపలు పడటం లేదన్నాడు. మొమ్చిలో అరగదీస్తూ వింటున్నాడు.

"అల్లుడూ, నువ్వు దేన్నయినా చిన్నది చేస్తావట కదా," అన్నాడు చివరికి.

"కొంతవరకు, మావయ్యగారూ."

"మాటను కూడా చెయ్యొచ్చా?"

మొమ్చిలో భూతద్దం పైకెత్తి చూశాడు. వెలిమిర్ టోపీని గుండ్రంగా తిప్పుతున్నాడు.

"ఆ గొంతు నాదే. నాలుగు గ్లాసులు పడ్డాయి, నోటి నిండా సర్మా ఉంది. నా కర్మ కాకపోతే ఆ కెమెరావాడు నా పక్కనే నిలబడాలా? ఆవిడ అకార్డియన్ వాడి దగ్గర్నుంచి మతగురువు దాకా అందర్నీ అనుమానిస్తోంది. నన్నొక్కణ్ణే అనుమానించడం లేదు. ఎందుకంటే ఇన్నేళ్ళుగా నేను సర్మా తిన్న ప్రతిసారీ బ్రహ్మాండం అంటూనే ఉన్నాను."

"మరి ఆ నవ్విందెవరు?"

"అదే గుర్తులేదు. కూమా అయితే మాత్రం నా పని అయిపోయినట్టే. నా భార్య వంట గురించి నేను కూమాకు చెప్పి నవ్వించానంటే, ఇక నేను మీ సామాన్ల గదిలో అయ్వార్ పక్కన పడుకోవాలి."

మొమ్చిలో సీసా తీసుకోలేదు. కాని మామగారి మొహం చూసి కాదని కూడా అనలేకపోయాడు. చూస్తానన్నాడు.

చూశాడు కూడా. మొదట శబ్దాన్ని ఎంత తక్కువ చోటులో పట్టించవచ్చో అంతకు దించాడు. మామగారి గొంతు నూతిలోంచి వచ్చినట్టయింది గాని, అకార్డియన్ కూడా రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టయింది. ఆ పెళ్ళి అతనిది కూడా. ఆ పాటకే అతను బిల్యానా చెయ్యి పట్టుకుని తిరిగాడు. చెవులు మూసుకుని అది తీసేశాడు. తర్వాత రొద తగ్గించే ఏర్పాటు ఒకటి ఉంటే వాడి చూశాడు. అది పాటను రొద అనుకుని పక్కకు నెట్టి, మనుషుల మాటలను మాత్రం కడిగిన ముత్యాల్లా తెచ్చి ముందు పెట్టింది. "బేగేయ్ నది మొత్తం తాగేస్తుంది" అన్న మాట గదంతా మారుమోగింది. వంటింట్లోంచి బిల్యానా, నాన్న ఎప్పుడొచ్చాడని అడిగింది.

అప్పుడతను చేతులు దించేశాడు. సరిగా పట్టని పళ్ళను కావాలని చేసి ఇవ్వమంటే ఇవ్వగలడా? ఇదీ అంతే అనిపించింది. చేసే పని సక్రమంగా చేసి, మామగారి సంగతి ఆ ఇంటి కులదేవుడు సెయింట్ డిమిట్రీకి వదిలేద్దామనుకున్నాడు.

అత్తగారింటి నుంచి పాత క్యాసెట్‌ను తెచ్చుకున్నాడు. తన యంత్రం అప్పటికే మూలపడింది, దాన్ని ఆడించే ఇంకొకదాన్ని వెతికి పట్టుకోవడానికి ఊళ్ళో సగంమందిని అడగాల్సి వచ్చింది. చివరికి స్కూలు నేలమాళిగలో ఒకటి దొరికింది. క్యాసెట్ ఎంత నిడివి ఉంటే అంతసేపూ ఆడించాల్సిందే, తొందరపెడితే కుదరదు. అందుకని ఉదయం పెట్టి, తలుపు వేసి, పనికి వెళ్ళిపోయాడు. ఈసారి కోతలు లేవు, బిగింపులు లేవు. పాత 264 పద్ధతి, ప్రతి టీవీకి తెలిసిన మామూలు మూట, బొమ్మ క్యాసెట్‌లో ఎలా ఉంటే అలా, పక్కల నల్ల పట్టీలతో సహా. పాత బొమ్మ కదిలినప్పుడు అంచుల్లో వచ్చే దువ్వెన పళ్ళలాంటి గీతలను మాత్రం తీసేయించాడు. శబ్దాన్ని ముట్టుకోలేదు. ఫైలు దున్నపోతంత తయారైంది. సాయంత్రం వచ్చి మొదట కాస్తా చివర కాస్తా చూసి, బాగానే ఉందని సర్వర్‌లో పెట్టేశాడు. మధ్య భాగం జోలికి పోలేదు. చూస్తే మామగారితో ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుందని.

ఆదివారం భోజనానికి వెళితే, బల్ల దగ్గర నదేజ్దా కూర్చుని ఉంది. పిలిచింది రాద్మిలాయే. దోషిని అక్కడికక్కడే పట్టుకోవాలని ఆవిడ ఆలోచన. నదేజ్దాకు ఏమీ తెలియదు. తలనొప్పి తగ్గిందా కూమా అంటూ చారు తాగుతోంది. వెలిమిర్ రొట్టెను ఉండలు చేసి పేరుస్తున్నాడు. బిల్యానా భర్త కాలిని బల్ల కింద తొక్కింది. అతను తిరిగి తొక్కాడు గాని అది మామగారి కాలైంది, ఆయన ఉలిక్కిపడి గ్లాసు దొర్లించాడు.

కాఫీలు వచ్చాయి. రాద్మిలా రిమోట్ తీసుకుంది. ఈసారి తెర నల్లబడలేదు. పక్కల పట్టీలతో, కొద్దిగా వెలిసిన రంగులతో పెళ్ళి వచ్చింది. కాసేపు ఎవరికీ ఏ నేరమూ గుర్తులేదు. నదేజ్దా తన భుజాల మీది దూది మెత్తలను చూసి, ఇదేమిటి నేను తలుపులోంచి ఎలా పట్టానని విస్తుపోయింది. పోయినవాళ్ళు గ్లాసులు ఎత్తుతూ కనిపించారు. మొమ్చిలో పెదనాన్న కూడా ఒకమూల చెమట తుడుచుకుంటూ వెళ్ళాడు. అల్లుడు చెయ్యి గడ్డానికి ఆనించుకున్నాడు.

పాట ఆగింది. వెలిమిర్ దగ్గడం మొదలుపెట్టాడు. ఒక్క చూపుతో రాద్మిలా ఆ దగ్గును ఆపేసింది.

తెర నడుమ అకార్డియన్ వాడు మొహం తుడుచుకుంటున్నాడు. వెనక కోలో వరసలో, కొసన, రుమాలు ఊపుతూ నదేజ్దా ఉంది, బల్లకు ఆమడ దూరంలో. కింద, ఇంతకుముందు లేని చోట, బల్ల ఉంది. బల్ల ముందు వెలిమిర్, తలనిండా జుట్టుతో, బుగ్గ ఉబ్బించుకుని ఉన్నాడు. ఆయనకు ఎదురుగా, పెద్ద పళ్ళెం నడుముకు ఆనించుకుని, జుట్టు నుదుటికి అంటుకుపోయి, రాద్మిలా బల్ల మీదికి వంగి ఉంది. వెలిమిర్ తలెత్తి ఆవిడ మొహంలోకే చూస్తూ ఉప్పుగని మాట అన్నాడు, గుర్రం మాట అన్నాడు. ఆవిడ తల వెనక్కి వేసి పకపకా నవ్వింది. నవ్వుతూనే గరిటెతో ఆయన నెత్తిన ఒకటి వేసి, ఆయన పళ్ళెంలో ఇంకో రెండు సర్మాలు పడేసి, నవ్వాపుకోలేక అలాగే అవతలికి వెళ్ళిపోయింది.

రాద్మిలా వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టింది. ఇంకోసారి పెట్టింది.

"ఆ నవ్వేది నేనా?" అంది.

"నువ్వే. ఈమధ్య అలా నవ్వితే కదా, గుర్తుపట్టడానికి," అంది నదేజ్దా. ఆవిడ చురుకైన మనిషి కాబట్టి, అప్పటికే తలనొప్పి సంగతీ, ఈ పిలుపు సంగతీ మొత్తం తెలిసిపోయింది. కప్పు నెమ్మదిగా కింద పెట్టి, "నా మీద కేసు పెట్టావన్నమాట కూమా," అంది.

రాద్మిలా రిమోట్ బల్ల మీద పెట్టేసింది. ఆ రోజు ఉప్పు నిజంగానే ఎక్కువైందని చెప్పింది. తానొకసారీ, తెలియక చెల్లెలొకసారీ వేశారట. పొయ్యి దగ్గరే తెలిసిపోయింది గాని అప్పటికే బయట పాట మొదలైంది. నవ్వక ఇంకేం చేస్తాను అంది. అంత పని మధ్యలో ఆ నవ్వు సంగతి పూర్తిగా మరిచిపోయింది. మనసులో మిగిలింది జనం తిన్న సర్మాలే. టీవీలోనూ పాట ఆగిన చోటల్లా తల వంచి ఇస్త్రీ చేసుకునేదట.

తర్వాత భర్త వైపు తిరిగింది. "ఆ గొంతు నీదని నీకు ముందే తెలుసు. నోరు మెదపలేదు."

"నువ్వు ఎవరో తేల్చేదాకా ఆగుదామనుకున్నాను," అన్నాడు వెలిమిర్.

"మరి ఇన్నేళ్ళూ బ్రహ్మాండం అన్నావే, అదంతా?"

ఆయన చాలా జాగ్రత్తగా ఆలోచించాడు. "ఆ తర్వాత చేసినవాటిలో ఉప్పు సరిపోయింది," అన్నాడు. నదేజ్దా ముందుగా నవ్వింది. తర్వాత రాద్మిలా నవ్వింది, తెరమీద నవ్వినట్టే, తల వెనక్కి వేసి. బిల్యానా కూడా అదే నవ్వు నవ్వింది.

స్లావా బాగా జరిగింది. నదేజ్దా అందరికన్నా ముందు వచ్చి, అందరూ వెళ్ళాక వెళ్ళింది. సర్మా వడ్డించిన ప్రతిసారీ తీరిగ్గా కొరికి, కళ్ళు మూసుకుని, రాద్మిలా వైపు చూడకుండా మంచినీళ్ళు అడిగింది. రాద్మిలా మారు మాట్లాడకుండా తెచ్చిచ్చింది.

మొమ్చిలో మాత్రం ఆ చలికాలమంతా క్యాసెట్ల కోసం మళ్ళీ ఇల్లిల్లూ తిరిగాడు. కోసేసిన గుడారాలనూ, బల్లలనూ, బల్లల కింది కుక్కలనూ అన్నిటినీ తిరిగి తెచ్చాడు. హార్డ్ డిస్కు పెద్దది కొన్నాడు. బిల్యానా జామ్ సీసాలను మంచం కిందికి మార్చి ఒక అర పూర్తిగా ఖాళీ చేసిచ్చింది. అన్నీ పాత పద్ధతిలోనే కట్టాడు. ఇంటర్నెట్‌లో 265 మనుషులు అతన్ని వెనకబడ్డవాడన్నారు. అతను వాళ్ళతో వాదించడం మానేశాడు.

మంచు కరుగుతున్న రోజుల్లో ఒకనాడు నదేజ్దా అతనికి ఫోన్ చేసింది. ఆవిడ కొడుకు పెళ్ళి కూడా ఆ సర్వర్‌లోనే ఉంది. కాసేపు ఆరోగ్యాల గురించి మాట్లాడి, తర్వాత గొంతు తగ్గించింది.

"చూడు నాయనా, మావాడి పెళ్ళి నాకు బొమ్మ లేకుండా కావాలి. ఉట్టి మాటే. మా వియ్యపురాలు ఆ రోజంతా కెమెరా పక్కనే నిలబడింది."

అలాంటి ఏర్పాటు ఏదీ లేదని మొమ్చిలో చెప్పాడు. ఉంది, ఒక్క నొక్కుతో అయిపోయే పని. కాని అతను చాలా విచారంగా, ఎంత వెతికినా దొరకలేదని చెప్పి, తాను కట్టిచ్చిన పళ్ళు ఎలా ఉన్నాయని అడిగాడు.